బడిలో పెద్దరికం: కొత్త హెచ్ఎం ఏ పనికి ఏ తీరు పట్టాలి

పదిహేను ఇరవై ఏళ్లు స్కూల్ అసిస్టెంట్‌గా పాఠాలు చెప్పిన మనిషి ఒకరోజు పదోన్నతి ఉత్తర్వు పట్టుకుని గెజిటెడ్ హెచ్ఎం (ప్రధానోపాధ్యాయుడి) కుర్చీలో కూర్చుంటారు. బిల్లు ఎలా పెట్టాలో, సర్వీసు రిజిస్టర్‌లో ఇంక్రిమెంటు ఎలా రాయాలో జూనియర్ అసిస్టెంటో పక్క బడి హెచ్ఎమ్మో చెబుతారు. పదిమంది పెద్దవాళ్లతో పని చేయించడం ఎలాగో మాత్రం ఎవరూ చెప్పరు. దాంతో చాలామంది తమ పాత హెచ్ఎంలలో ఒకరిని మనసులో పెట్టుకుని అచ్చం ఆయనలా ఉండాలని చూస్తారు, లేదా పొరపాటున కూడా ఆయనలా ఉండకూడదనుకుంటారు. ఆ బడి వేరు, ఆ స్టాఫ్ వేరు కాబట్టి రెండూ ఎక్కువకాలం నడవవు.

స్టాఫ్‌రూమ్ లెక్కలో హెచ్ఎంలు నాలుగు రకాలు. ఒకరు స్ట్రిక్టు: చెప్పింది చేయాలి, ఎందుకని అడగకూడదు. ఒకరు ప్రతిదీ మీటింగు పెట్టి అడుగుతారు. ఒకరు "మంచాయన", అంటే ఎవరినీ ఏమీ అనరు, ఏదీ పట్టించుకోరు. నాలుగో రకం గురించి పుస్తకాల్లో పెద్దగా ఉండదు గానీ మన బడుల్లో ఎక్కువగా కనిపించేది వాళ్లే: బిల్లులు, ఆన్‌లైన్ ఎంట్రీలు, వంట సరుకుల లెక్క, చివరికి గంట కొట్టించడం కూడా తామే చూసుకునేవాళ్లు. రాత్రి ఎనిమిదికి కూడా బడి ల్యాప్‌టాప్ ముందే ఉంటారు. స్టాఫ్ నాలుగున్నరకే ఇల్లు చేరిపోతారు.

వీటిలో ఏది మంచిదన్న ప్రశ్నకు జవాబు లేదు. ఒకే హెచ్ఎం ఒకే రోజులో మొదటి మూడు తీరులూ వాడాల్సి వస్తుంది. ఏ పనికి ఏది అన్నది ముందే తేల్చుకుని, స్టాఫ్‌కు కూడా ముందే చెప్పాలి. ఆచరణలో జరిగేది వేరు. పనిని బట్టి మారాల్సిన తీరు మనిషిని బట్టి మారుతుంది. కొత్తగా డీఎస్సీలో వచ్చిన టీచర్ దగ్గర స్ట్రిక్టు, సంఘం నాయకుడి దగ్గర మంచాయన. స్టాఫ్ ఇది కనిపెట్టడానికి నెల కూడా పట్టదు. ఆ తర్వాత హెచ్ఎం మంచి మాట చెప్పినా అందులో ఎవరి పక్షం ఉందో వెతుకుతారు.

మొదటి రెండు వారాలు: రిజిస్టర్లు చదవండి

చార్జి తీసుకోగానే ఏదీ మార్చకండి. పాత హెచ్ఎం బడిని ఎలా నడిపారో రిజిస్టర్లే చెబుతాయి.

ముందు స్టాఫ్ మీటింగు మినిట్స్ బుక్ తీయండి. ప్రతి పేజీలోనూ "హెచ్ఎం గారు సూచించారు, అందరూ అంగీకరించారు" అనే ఉంటే ఆ బడిలో నోరు విప్పే అలవాటు పోయిందని అర్థం. నాలుగు మీటింగులకూ ఒకే పెన్నుతో, ఒకే వరసలో సంతకాలుంటే అసలు మీటింగులే జరగలేదు, తనిఖీ వస్తుందని ఒకే రోజు కూర్చుని రాశారు.

తర్వాత సర్దుబాటు రిజిస్టర్. సెలవు పెట్టినవారి పీరియడ్లకు ఎవరిని పంపారో రాసే పుస్తకం ఇది. ఒక నెల పేజీలు తీసుకుని ఎవరి పేరు ఎన్నిసార్లు వచ్చిందో గీతలు పెట్టి లెక్కించండి. ఒకరిద్దరి పేర్లే మళ్లీ మళ్లీ కనిపిస్తే వాళ్లు కాదనలేనివాళ్లు. ఫలానా సీనియర్ పేరు ఒక్కసారి కూడా లేకపోతే పాత హెచ్ఎం ఎవరి జోలికి వెళ్లలేదో తెలిసిపోతుంది. కొత్త హెచ్ఎంకు ఈ పుస్తకం చెప్పినంత నిజం ఏ మనిషీ చెప్పరు.

మూడోది మార్కుల రిజిస్టర్. ఎఫ్‌ఏ (మధ్యమధ్య బడిలోనే పెట్టే చిన్న మదింపు)లో 20కి 18, 19 తెచ్చుకున్న తరగతి ఎస్‌ఏ (టర్మ్ చివరి పెద్ద పరీక్ష)లో 80కి 25 దాటకపోతే, ఎఫ్‌ఏ మార్కులు ఎలా పడుతున్నాయో ఏడాదంతా ఎవరూ అడగలేదన్నమాట. హాజరు విషయంలో ముఖ గుర్తింపు యాప్ వచ్చాక టీచర్ గేటు దాటిన సమయం ఫోన్లోనే తెలుస్తోంది. తరగతి గదిలోకి వెళ్లిన సమయం తెలియదు. అది చూడాలంటే మొదటి పీరియడ్ గంట కొట్టాక వరండాలో ఒకసారి నడవాల్సిందే.

ఈ రెండు వారాల్లోనే ప్రతి టీచర్‌తో విడిగా, వాళ్ల లీజర్ పీరియడ్‌లో, పావుగంట మాట్లాడండి. మూడు ప్రశ్నలు చాలు: బడిలో ఏ పని బాగా నడుస్తోంది? ఏ పని మీ సమయాన్ని ఊరికే తినేస్తోంది? ఏ పని మీకు పూర్తిగా అప్పగిస్తే సంతోషంగా చేస్తారు? మూడో ప్రశ్నకు వచ్చిన జవాబులు రాసి పెట్టుకోండి, తర్వాత అక్కరకొస్తాయి. రికార్డ్ అసిస్టెంట్‌తో, ఆయాతో, వంట చేసేవాళ్లతో కూడా మాట్లాడండి. బడిలో ఏం జరుగుతోందో వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు.

చెప్పాల్సిన పనులు: ఇక్కడ ఓటింగు లేదు

పిల్లల భద్రత, డబ్బు, ప్రశ్నపత్రాల గోప్యత, ఏ తరగతీ టీచర్ లేకుండా ఉండకపోవడం. ఈ నాలుగింటిలో హెచ్ఎం స్ట్రిక్టుగానే ఉండాలి.

"రెండు తగిలించకపోతే మన పిల్లలు మాట వినరు సార్" అన్న మాట ప్రతి స్టాఫ్‌రూమ్‌లోనూ వినిపిస్తుంది. దీన్ని మీటింగులో చర్చకు పెట్టకండి. విద్యాహక్కు చట్టం 2009లోని సెక్షన్ 17 పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. చర్చకు పెట్టారంటే అది మార్చదగ్గ విషయమని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది. క్లాసులో అల్లరిని ఎలా అదుపు చేయాలన్నది మాత్రం మంచి చర్చాంశం, దానికి వేరే రోజు పెట్టుకోవచ్చు.

లైంగిక వేధింపు గురించి పిల్లలు చెప్పినా, మీకు తెలిసినా, సంప్రదింపులకు అస్సలు తావు లేదు. పోక్సో చట్టం 2012లోని సెక్షన్ 19 ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. సంస్థకు బాధ్యుడిగా ఉన్న వ్యక్తి తన కింద పనిచేసేవారి నేరాన్ని తెలిసి కూడా చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఏడాది వరకు జైలు శిక్ష పడొచ్చు. "ఊళ్లో పరువు పోతుంది, ముందు మనలో మనం మాట్లాడుకుందాం" అని సీనియర్లు అనొచ్చు. స్టాఫ్‌రూమ్‌లో మాట్లాడుకుంటే బిడ్డ పేరు సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. అందరినీ కలుపుకుపోయే హెచ్ఎంలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

డబ్బు దగ్గర పద్ధతి మీది, జాబితా అందరిదీ. గ్రాంటుతో ఏం కొనాలో స్టాఫ్‌నూ కమిటీనీ అడగండి. తీర్మానం, బిల్లు, స్టాక్ రిజిస్టర్‌లో ఎంట్రీ, ఈ మూడూ లేకుండా రూపాయి కదలదన్నది మాత్రం మీ మాటే. తల్లిదండ్రుల కమిటీలో ఆజ్ఞలు పనిచేయవు, వాళ్లు మీ ఉద్యోగులు కారు. విద్యాహక్కు చట్టం ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది మహిళలు ఉండాలి. వాళ్లు కూలి పనికి వెళ్లే సమయంలో మీటింగు పెట్టి, తర్వాత ఇంటికి రిజిస్టర్ పంపి సంతకాలు తీసుకునే బడిలో కమిటీ మీకు అండగా నిలవదు.

ఆజ్ఞ ఇవ్వడంలోనూ ఒక పద్ధతి ఉంది. ఏం చేయాలి, ఎందుకు, ఎప్పటి నుంచి, ఇబ్బంది ఉంటే ఏం చేయాలి, ఈ నాలుగూ ఉండాలి. "రేపటి నుంచి ప్రార్థన అయిన ఐదు నిమిషాల్లో మొదటి పీరియడ్ మొదలవ్వాలి. ఇప్పుడు రోజూ పది నిమిషాలు పోతున్నాయి. ఎవరికైనా ఇబ్బంది వస్తే బడి టైముకు అరగంట ముందే నాకు ఫోన్ చేయండి." కారణం చెప్పేటప్పుడు లెక్క చెబితే వాదన పెరగదు. విద్యాహక్కు చట్టం 6 నుంచి 8 తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు పెట్టింది. రోజుకు 10 నిమిషాలంటే 2,200 నిమిషాలు, అంటే 45 నిమిషాల పీరియడ్లు దాదాపు 49. ఒక సబ్జెక్టులో రెండు మూడు పాఠాలు అక్కడే పోతున్నాయి.

అడగాల్సిన పనులు: నిజంగా అడగాలి

టైంటేబుల్, పదో తరగతి స్టడీ అవర్స్, పరీక్షల ఇన్విజిలేషన్, తల్లిదండ్రుల సమావేశం, వార్షికోత్సవం. వీటిని చేసేది టీచర్లే కాబట్టి వాళ్లను అడక్కుండా వేసిన ప్రణాళిక కాగితం మీదే ఉంటుంది.

స్టడీ అవర్స్ సంగతే చూడండి. స్ట్రిక్టు హెచ్ఎం రోస్టర్ వేసి నోటీసు బోర్డుకు అంటిస్తారు. అందులో మంగళవారం పేరున్న మేడం ముప్పై కిలోమీటర్ల దూరం నుంచి వస్తారు, ఐదు దాటితే బస్సు లేదు. ఆవిడ మొదటి వారం ఎలాగో ఉంటారు. రెండో వారం నుంచి ఊళ్లోనే ఉండే మాస్టారికి "కాస్త చూసుకోండి" అని చెప్పి వెళ్తారు. ఆయన ఆఫీసు గదిలో కూర్చుంటారు. తరగతిలో ఒక పిల్లవాడు గైడు చూసి గట్టిగా చదువుతుంటే మిగతావాళ్లు రాసుకుంటుంటారు. రోస్టర్ మాత్రం మార్చి దాకా గోడ మీదే ఉంటుంది.

అదే పనిని అడిగి చేయించాలంటే ఏది మారదో, ఏది మీ చేతుల్లో ఉందో మొదటే విడదీయాలి. "రోజూ గంట స్టడీ అవర్ ఉంటుంది. లెక్కలకు వారంలో రెండు రోజులు కావాలి. ఈ రెండూ మారవు. ఎవరు ఏ రోజు, ఉదయమా సాయంత్రమా అన్నది మీరే తేల్చండి." ఇలా అంటే సాయంత్రం బస్సు దొరకని మేడం ఉదయం ఎనిమిదిన్నరకు వస్తానంటారు. ఊళ్లో ఉండే మాస్టారు సాయంత్రాలు తీసుకుంటారు. పాతిక నిమిషాల్లో తేలిపోతుంది.

మీటింగు నలభై నిమిషాలు దాటనివ్వకండి, మూడు అంశాలకు మించి పెట్టకండి. అంశాలు ముందురోజే చెప్పండి. అందరికంటే జూనియర్‌ను ముందు మాట్లాడమనండి. సీనియర్ ముందు మాట్లాడితే మిగతా వాళ్లంతా "సార్ చెప్పిందే కరెక్టు" అని ఊరుకుంటారు. మీ అభిప్రాయం చివర్లో చెప్పండి. మినిట్స్‌లో ఎవరు, ఏ పని, ఏ తేదీకి అన్న మూడూ రాయండి. వచ్చే మీటింగు ఆ పేజీ చదవడంతోనే మొదలుపెట్టండి. ఈ చివరి అలవాటు లేని బడిలో మీటింగులంటే టీ, సమోసాలే.

అసలు ప్రమాదం అడిగినట్టు నటించడంలో ఉంది. నిర్ణయం ముందే జేబులో పెట్టుకుని అరగంట అభిప్రాయాలు విని, చివరికి అదే ప్రకటించే హెచ్ఎం కంటే నేరుగా ఆజ్ఞ ఇచ్చే హెచ్ఎం నయం. కనీసం స్టాఫ్ సమయమైనా మిగులుతుంది. డీఈఓ ఆఫీసు నుంచి ఆదేశం వచ్చేసి ఉంటే "ఇది వచ్చింది, మనం మార్చలేం, ఎలా అమలు చేద్దామో మాత్రం చెప్పండి" అనడమే మర్యాద. మీటింగు మొదట్లోనే ప్రతి అంశం పక్కన "చెబుతున్నాను", "అడుగుతున్నాను", "మీకే వదిలేస్తున్నాను" అని మూడింట్లో ఒకటి రాసి చదివితే సగం గొడవలు పుట్టవు. అడిగినా తేలకపోతే? గడువు చెప్పి, ఆ గడువుకు తేలకపోతే మీరే నిర్ణయిస్తారని ముందే అనండి. అన్నాక నిర్ణయించండి.

వదిలేయాల్సిన పనులు

పాఠం ఎలా చెప్పాలి, వెనుకబడిన పిల్లలకు ఏ పద్ధతి వాడాలి, ఆటల జట్టులో ఎవరిని తీసుకోవాలి, సైన్స్ ఫెయిర్ ఎలా చేయాలి అన్నవి ఆ పని తెలిసిన టీచర్‌కే వదిలేయాలి. వదిలేసేటప్పుడు నాలుగు మాటలు చెప్పాలి: చివరికి ఏం కావాలి, ఏ తేదీకి, ఎంత డబ్బు, ఏ సమస్య వస్తే మీ దగ్గరికి రావాలి. ఉదాహరణకు పిల్లల సైన్స్ ఆలోచనలకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్ అవార్డుకు బడి తరఫున ఐదు ఆలోచనలు పంపొచ్చు. ఆ పని సైన్స్ టీచర్‌కు ఇస్తే, గడువుకు వారం ముందు ఐదూ నా బల్ల మీద ఉండాలి, పోర్టల్ లాగిన్ తెరుచుకోకపోతే ఆ రోజే చెప్పాలి అంటే చాలు. ఏ పిల్లల్ని ఎంచుకున్నారని మధ్యలో అడగకండి. "మంచాయన" ఈ నాలుగూ చెప్పకుండా వదిలేస్తారు. చివరి రాత్రి పోర్టల్ మొరాయించాక ఇద్దరూ ఒకరినొకరు అనుకుంటారు.

ఎంత వదలాలన్నది మనిషికి ఆ పనిలో ఉన్న నేర్పును బట్టి ఉంటుంది. పాల్ హెర్సీ, కెన్ బ్లాంచర్డ్ 1969లో ప్రతిపాదించిన పద్ధతికి మూలం ఇదే: నేర్పు తక్కువున్నచోట దగ్గరుండి చెప్పాలి, పెరిగేకొద్దీ పక్కకు తప్పుకోవాలి. బడిలో మనం మరిచిపోయేది ఒకటుంది. ఆ నేర్పును ఆ ఒక్క పనిలోనే కొలవాలి, సర్వీసును చూసి కాదు. ఇరవై ఏళ్ల లెక్కల మాస్టారు బోర్డు దగ్గర సిద్ధహస్తుడే. యూడైస్ ప్లస్ (బడి వివరాలు నింపే ప్రభుత్వ పోర్టల్) ఎంట్రీకి కూర్చుంటే చెమటలు పడతాయి. కొత్తగా వచ్చిన టీచర్ ఆ ఎంట్రీ గంటలో ముగిస్తారు, తొమ్మిదో తరగతి వెనక బెంచీని మాత్రం అదుపు చేయలేరు. మాస్టారికి ఆన్‌లైన్ పని "సీనియర్ కదా" అని వదిలేయడం, కొత్తవారిని తరగతిలో ఒంటరిగా వదిలేయడం, రెండూ రోజూ జరిగే తప్పులే. ఒకరి పని ఒకరికి నేర్పేలా ఇద్దరినీ జత చేయండి.

ముగ్గురు రాని ఉదయం

హెచ్ఎం తీరు బయటపడేది సర్దుబాటు దగ్గరే. 6 నుంచి 10 దాకా ఐదు సెక్షన్లు, రోజుకు 8 పీరియడ్లు, పీఈటీ (వ్యాయామ టీచర్)తో కలిపి 8 మంది టీచర్లున్న హైస్కూలు అనుకుందాం. రోజుకు 40 పీరియడ్లు, మనిషికి 5. ముగ్గురు రాకపోతే 15 పీరియడ్లు ఖాళీ. వచ్చిన ఐదుగురికి తలా 3 లీజర్లు, మొత్తం 15. లెక్క సరిపోయింది. కాకపోతే ఆ రోజు ఎవరికీ నీళ్లు తాగే తీరిక ఉండదు.

స్ట్రిక్టు హెచ్ఎం 15 పీరియడ్లూ నింపేసి రిజిస్టర్ అటెండర్ చేతికిస్తారు. అందరూ సంతకం పెట్టి వెళ్లి కుర్చీలో కూర్చుంటారు. అడిగే హెచ్ఎం స్టాఫ్‌రూమ్‌కు వచ్చి "సెవెంత్‌కు ఎవరు వెళ్తారు?" అంటారు, తేలేలోపు పీరియడ్‌లో పది నిమిషాలు పోతాయి. మంచాయన ఆ పని సీనియర్‌కు అప్పగిస్తారు, సీనియర్ కాదనలేని ఇద్దరి పేర్లు రాస్తారు. అన్నీ తనే చేసుకునే హెచ్ఎం తానే పాఠానికి వెళ్లిపోతారు, ఆఫీసులో ఫోన్ మోగుతూనే ఉంటుంది.

దీనికి దారి ఇది: నియమాలు జూన్‌లో అందరినీ అడిగి పెట్టుకోవాలి, ఆ ఉదయం ఆజ్ఞలా అమలు చేయాలి. నియమాలు నాలుగైదుకు మించొద్దు. పదో తరగతి పీరియడ్లు ముందు నింపాలి. వీలైతే ఆ సెక్షన్‌కు పాఠం చెప్పే టీచర్‌నే పంపాలి, అప్పుడు తన సబ్జెక్టే ముందుకు జరుగుతుంది. ముగ్గురు లేని రోజున చివరి రెండు పీరియడ్లు 6, 7 తరగతుల్ని కలిపి పీఈటీతో గ్రౌండ్‌కు పంపాలి, 8, 9 తరగతుల్ని ఒక పీరియడ్ కలిపి లైబ్రరీలో కూర్చోబెట్టాలి. దీంతో 3 పీరియడ్లు తగ్గి 12 మిగులుతాయి, అంటే 3 లీజర్లు దక్కుతాయి. నిన్న లీజర్ పోయినవారికి అవి ముందు. హెచ్ఎం కూడా వంతులో ఉండాలి, కానీ వారానికి ఇన్ని పీరియడ్లని లెక్క పెట్టుకుని. నెల చివర ఎవరికెన్ని సర్దుబాట్లు పడ్డాయో పట్టిక రాసి స్టాఫ్‌రూమ్‌లో పెడితే ఎవరి మీద అభిమానం ఉందో అన్న గుసగుసలు ఆగిపోతాయి.

ఆలస్యం, మందలింపు, మెమో

ఆలస్యంగా వచ్చినవారి పేర్లు వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఇప్పుడు చాలామందికి అలవాటైంది. అది పెట్టిన రోజు తృప్తిగా ఉంటుంది. ఆ తర్వాత గ్రూపులో ఎవరూ మాట్లాడరు, పక్కన హెచ్ఎం లేని ఇంకో గ్రూపు పుడుతుంది.

మొదటిసారి అదే రోజు, ఒంటరిగా, నోటిమాటగా చెప్పండి. ముందు కారణం అడగండి. ఇంట్లో జబ్బు మనిషి ఉంటే మొదటి పీరియడ్ మార్చడం మీ చేతిలో పనే. రెండోసారి తేదీలు రాసి చూపించండి. మూడు ఆలస్యాలకు ఒక సీఎల్ (క్యాజువల్ లీవు) కోత అన్న పాత ఆఫీసు పద్ధతిని అమలు చేస్తే అందరికీ చేయండి, ముందే చెప్పి చేయండి. ఆ తర్వాతే మెమో. మెమోలో తేదీ, సమయం, జరిగిన విషయం ఉండాలి. "మీ ప్రవర్తన సరిగా లేదు" అని రాస్తే దానికి జవాబుగా రెండు పేజీల వినతిపత్రం వస్తుంది. వివరణకు గడువు ఇవ్వండి, వచ్చిన వివరణ చదివి అది చాలో లేదో రాతలోనే చెప్పండి. పెద్ద శిక్షలన్నీ ఉద్యోగుల క్రమశిక్షణకు సంబంధించిన సీసీఏ రూల్స్ 1991 ప్రకారం పై అధికారులు వేయాల్సినవి. "సస్పెండ్ చేయిస్తా" అని అరిచే హెచ్ఎం తన చేతిలో లేని దాన్ని చూపించి బెదిరిస్తున్నాడని స్టాఫ్‌లో అందరికీ తెలుసు.

ఒక సంగతి చెప్పుకోవాలి. ఇదే మాట మగ హెచ్ఎం అంటే "స్ట్రిక్టు" అంటారు, మేడం అంటే "కోపిష్టి" అంటారు. ఆ పేరు పడుతుందని మహిళా హెచ్ఎంలు కొందరు మెత్తబడిపోతారు, లేదా రెట్టింపు కఠినంగా మారతారు. ఆజ్ఞను రాతలో, లెక్కతో ఇచ్చినప్పుడు దానికి కోపం అంటగట్టడం కష్టం.

ఇద్దరు పెద్దలు, రెండు తీరులు

ఎంఈఓ (మండల విద్యాధికారి) ఒకటి చెబుతారు, సమగ్ర శిక్ష పథకం ఆఫీసు నుంచి ఇంకోటి వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో మండలానికి ఇద్దరు ఎంఈఓలు ఉండటంతో ఒకే నివేదికను రెండు నమూనాల్లో అడిగిన సందర్భాలూ ఉంటాయి. ప్రైవేటు కాలేజీల్లో ఇదే తగువు ప్రిన్సిపాల్‌కూ, ఆఫీసు వ్యవహారాలు చూసే ఏఓకూ మధ్య ఉంటుంది: ప్రిన్సిపాల్ లెక్చరర్లతో మాట్లాడి యూనిట్ టెస్టు తేదీ పెడతారు, ఏఓ ఫీజు కట్టని పిల్లల్ని అదే రోజు బయట నిలబెట్టమంటారు. మధ్యలో నలిగేది క్లాస్ టీచర్.

రెండు ఆదేశాలు ఢీకొన్నప్పుడు స్టాఫ్‌ను పంచాయితీలోకి లాగకండి. రెండూ పక్కపక్కన రాసి, "ఈ రెండిట్లో ముందు ఏది చేయమంటారు?" అని ఇద్దరికీ ఒకే మెసేజ్ పంపండి. జవాబు వచ్చేదాకా గడువు దగ్గరగా ఉన్న పని చేయండి. బడి లోపల మీకూ మీ సీనియర్ అసిస్టెంట్‌కూ తీరు కలవకపోతే పనులు పంచుకోండి, అధికారం పంచుకోకండి. సెలవులు, డబ్బు మీ దగ్గర, సర్దుబాటు, పరీక్షల ఏర్పాట్లు ఆయన దగ్గర. మీరు లేనప్పుడు ఆయన ఇచ్చిన అనుమతిని వచ్చాక రద్దు చేయకండి. నచ్చకపోతే ఆయనకు విడిగా చెప్పండి.

ఎఫ్‌ఏసీ (పూర్తి అదనపు బాధ్యత) మీద అదే బడిలో హెచ్ఎం బాధ్యత చూసేవారి పరిస్థితి ఇంకా ఇరుకు. నిన్నటిదాకా "ఏం అన్నా" అని పిలిచినవాళ్లు ఈ రోజు సెలవు కాగితం ఇవ్వాలి. ఆజ్ఞల మీద ఆధారపడితే నవ్వుతారు. డబ్బులో, రికార్డుల్లో అక్షరం తప్పకుండా ఉండండి, మిగతావన్నీ అడిగే చేయండి. స్టాఫ్‌రూమ్‌లో మీ పాత కుర్చీని వెంటనే వదులుకోకండి.

ముందున్న హెచ్ఎం మీకు పూర్తిగా భిన్నమైతే

మంచాయన తర్వాత వస్తే అన్నీ ఒకేసారి బిగించాలనిపిస్తుంది. ఒక్కటే ఎంచుకోండి, మొదటి పీరియడ్ టైముకు మొదలవ్వడం లాంటిది. నెలపాటు దాని మీదే నిలబడి, అది అలవాటయ్యాక రెండోది మొదలుపెట్టండి. లెసన్ ప్లాన్, డ్రెస్, ఫోన్లు, సెలవులు అన్నీ జూన్ రెండో వారంలోనే మొదలుపెడితే జూలైకల్లా సంఘం తరఫున నలుగురు మీ గదిలో ఉంటారు.

స్ట్రిక్టు హెచ్ఎం తర్వాత వస్తే సమస్య వేరు. అడిగితే ఎవరూ మాట్లాడరు. చాక్‌పీస్ పెట్టె తెరవడానికి కూడా అనుమతి కోసం వస్తారు. "మీకేమనిపిస్తోంది?" అని తిరిగి అడగండి. చెప్పింది తప్పయినా ప్రమాదం లేనిదైతే చేయనివ్వండి. వాళ్లు తీసుకున్న మొదటి రెండు మూడు నిర్ణయాల్ని మీరు మార్చారంటే మళ్లీ మౌనమే. ఇది మారడానికి ఒక టర్మ్ పడుతుంది, తొందరపడొద్దు.

సరిగ్గా నడుస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

1930ల చివర్లో కర్ట్ లెవిన్, రోనాల్డ్ లిప్పిట్, రాల్ఫ్ వైట్ అమెరికాలోని అయోవాలో పదేళ్ల పిల్లల క్లబ్బుల మీద ఈ మూడు తీరుల్నీ ప్రయత్నించి చూశారు. ఆజ్ఞలిచ్చే నాయకుడు గదిలో ఉన్నంతసేపు పని బాగా సాగింది, ఆయన బయటికి వెళ్లగానే పడిపోయింది. అందరినీ కలుపుకునే నాయకుడు వెళ్లినా పని పెద్దగా ఆగలేదు. పూర్తిగా వదిలేసిన చోట పనే తక్కువ జరిగింది. వాళ్లు పిల్లలు, మన స్టాఫ్ పెద్దవాళ్లు, కాబట్టి ఫలితాన్ని యథాతథంగా అంటించలేం. కొలిచే పద్ధతి మాత్రం తీసుకోవచ్చు. మీరు జిల్లా కేంద్రంలో మీటింగుకు వెళ్లిన రోజు మొదటి పీరియడ్ ఎప్పుడు మొదలైంది, సర్దుబాటు ఎవరు రాశారు, మధ్యాహ్న భోజనాన్ని పిల్లలకు పెట్టే ముందు ఎవరు రుచి చూశారు? మర్నాడు రిజిస్టర్లలో ఈ మూడూ చూడండి. మీకు ఆ రోజు ఎన్ని ఫోన్లు వచ్చాయో కూడా లెక్కపెట్టండి. ఫోన్లు పది దాటితే మీరు వదలాల్సినవి వదల్లేదు. ఒక్కటీ రాకుండా పనులు ఆగిపోయి ఉంటే వదలకూడనివి వదిలారు.

టీచర్ వైపు నుంచి

హెచ్ఎంను మార్చడం టీచర్ చేతిలో లేదు, పని జరిగేలా చూసుకోవడం ఉంది. స్ట్రిక్టు హెచ్ఎం దగ్గరికి నోటిమాటతో వెళ్లకండి. ఏం చేయాలనుకుంటున్నారో, పీరియడ్లు ఎన్ని కావాలో, ఖర్చెంతో అర పేజీలో రాసి, మీటింగులో కాకుండా గదిలో ఇవ్వండి. నలుగురి ముందు కాదన్న మాటను ఆయన వెనక్కి తీసుకోలేరు. అడిగే హెచ్ఎం దగ్గర మీటింగు అయిపోకముందే "అయితే ఇది ఎవరు, ఎప్పటికి?" అని మీరే అడగండి. మంచాయన దగ్గర అనుమతులన్నీ రాతలో తీసుకోండి, తనిఖీ రోజు "నాకు తెలియదే" అనే అవకాశం ఉంటుంది.

అన్నీ తనే చేసుకునే హెచ్ఎంకు "సాయం చేయమంటారా సార్?" అంటే "ఏం పర్లేదు" అంటారు. ఒక్క పనిని మొదటి నుంచి చివరిదాకా అడిగి తీసుకోండి: ఈ నెల వంట సరుకుల లెక్క పూర్తిగా నాది, ముప్పయ్యో తారీఖున మీ సంతకానికి తెస్తాను అని. మొదటి నెల ఆయన ప్రతి అంకెనూ మళ్లీ కూడి చూస్తారు, చూడనివ్వండి. రెండో నెల మొత్తం మాత్రమే చూస్తారు. మూడో నెల ఇంకో పని తీసుకోండి.